ఒక చుక్క రక్తం, ఒక జల్లెడ

"అన్నా, పొద్దున్నుంచి ఏమన్నా తిన్నరా?"

"ఏం తినలే సిస్టర్. టేషన్ కాడ ఒక్క చాయ్ తాగిన, అంతే."

నాంపల్లి చుట్టుపక్కల బస్తీ దవాఖానాల్లో ఉదయంపూట ఇలాంటి మాటలు చెవిన పడుతూనే ఉంటాయి. చాయ్‌ని మనవాళ్లు తిండిలో జమకట్టరు. రక్తం జమకడుతుంది. రెండు చెంచాల పంచదార, చిక్కగా మరిగిన పాలు గొంతు దిగిన కాసేపటికే రక్తంలో గ్లూకోజు పెరగడం మొదలవుతుంది. అందుకే నర్సు ఆ జవాబు విని 'పరగడుపు' అని రాయబోయింది ఆపి, 'రాండమ్' అని రాసుకుంటుంది. ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే, కాసేపట్లో మీటరు మీద కనిపించబోయే అంకెకు అర్థమే మారిపోయేది.

షుగర్ పరీక్ష అంటే వేలికి సూది గుచ్చడమేనని చాలామంది అనుకుంటారు. సూది మధ్యలో వచ్చే ఘట్టం. దానికి ముందు కొన్ని ప్రశ్నలున్నాయి, తర్వాత ఇంకో రోజు పని ఉంది. ఈ అధ్యాయంలో ఒక మనిషి వెంట ఆ గదిలోకి వెళ్దాం. అబిడ్స్‌లో బట్టల దుకాణంలో సేల్స్‌మన్‌గా పనిచేసే 46 ఏళ్ల మనిషిని ఊహించుకోండి. కాపురం నాంపల్లిలో. చెప్పుకోదగ్గ జబ్బు ఏదీ లేదు. వాళ్ల నాన్నకు షుగర్ ఉండేది. "షుగరుంటే నాకు తెల్వదా?" అన్నది ఆయన ధీమా. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి ఆమె మాట కొట్టేయలేక వచ్చాడు.

నొప్పి లేని జబ్బు

ఆయన ధీమా ఎందుకు తప్పో చెప్పాలంటే ముందు ఒక చిన్న లెక్క వేయాలి. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి పరగడుపున డెసిలీటరు రక్తంలో, అంటే నూరు మిల్లీలీటర్లలో, 100 మిల్లీగ్రాముల లోపే గ్లూకోజు ఉంటుంది. ఈ లెక్కన రక్తం మొత్తంలో తిరుగుతున్న చక్కెర ఐదు గ్రాములు. అంటే ఒక్క టీచెంచాడు. పొద్దున స్టేషన్ దగ్గర చాయ్‌లో పడ్డది అంతకు రెట్టింపు. అయినా రక్తంలో చక్కెర రెట్టింపు కాదు. క్లోమంలోని బీటా కణాలు వెంటనే ఇన్సులిన్ వదులుతాయి, కండరాలూ కాలేయమూ ఆ చక్కెరను లోపలికి తీసుకుంటాయి. ఈ సర్దుబాటు రోజంతా మనకు తెలియకుండానే సాగిపోతుంది. ఇన్సులిన్ మాటను కండరాలు వినడం తగ్గినా, బీటా కణాలు అలసిపోయినా ఆ టీచెంచా మెల్లగా నిండి పొర్లడం మొదలవుతుంది.

పొర్లినా నొప్పి ఉండదు. మూత్రపిండాలు రక్తాన్ని వడకట్టేటప్పుడు గ్లూకోజును పారబోయకుండా తిరిగి రక్తంలోకే పంపుతాయి. రక్తంలో చక్కెర సుమారు 180 దాటినప్పుడు మాత్రమే ఆ పని వాటికి తలకు మించినదై, చక్కెర మూత్రంలోకి జారుతుంది. అది నీటిని వెంట లాక్కుపోతుంది. పదేపదే మూత్రం, తీరని దాహం, బరువు తగ్గడం, ఇవన్నీ అలా మొదలవుతాయి. మన పూర్వులు ఈ జబ్బుకు మధుమేహమని పేరు పెట్టింది, చీమలు పట్టే మూత్రం గురించి రాసింది ఈ దశను చూసే. స్కూలు ల్యాబులో బెనెడిక్ట్ ద్రావణం వేసి వేడిచేస్తే నీలం నుంచి ఇటుక ఎరుపు దాకా రంగు మారడం చాలామంది చూసే ఉంటారు. ఒకప్పుడు దవాఖానాల్లో మూత్రంతో చేసిన షుగర్ పరీక్ష అదే. ఆ పరీక్షలో రంగు మారేసరికి జబ్బు ముదిరి ఉండేది.

పరగడుపున 126 ఉంటే చాలు, అది షుగర్ జబ్బు కిందే లెక్క. ఒంటికి గుర్తులు తెలిసేది అంతకు చాలా పైన. ఈ రెండింటి మధ్య ఏళ్లు గడిచిపోతాయి. బ్రిటన్‌లో వేలమంది రోగుల మీద రెండు దశాబ్దాల పాటు నడిచి 1998లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ఒక అంచనా వేసింది. జబ్బు బయటపడే రోజుకే బీటా కణాల సత్తా సగానికి పడిపోయి ఉంటోందని దాని సారాంశం. కంటి వెనక పొరలోనూ కాళ్ల నరాల్లోనూ నష్టం కొందరిలో అప్పటికే మొదలై ఉంటుంది. 'నాకు తెల్వదా' అన్న మాటకు సైన్సు ఇచ్చే జవాబు ఇదే: నిజంగానే తెలియదు. తెలుసుకునే దారి ఆ గదిలోనే ఉంది.

హైదరాబాదు లెక్క

1970లలో భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, చేసిన సర్వేలో పట్టణాల్లో షుగర్ ఉన్నవారు నూటికి ఇద్దరే. 2001లో జాతీయ పట్టణ మధుమేహ సర్వే ఫలితాలు వచ్చాయి. చెన్నై, బెంగళూరు, హైదరాబాదు, ముంబై, కోల్‌కతా, ఢిల్లీ నగరాల్లో 20 ఏళ్లు దాటిన పదకొండు వేలమందికి పైగా పరీక్షించి చూసిన సర్వే అది. ఆరు నగరాల సగటు 12.1 శాతం. అందరికంటే పైన నిలిచింది మన హైదరాబాదు, 16.6 శాతంతో. ప్రతి ఆరుగురిలో ఒకరన్నమాట. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ జాతీయ అధ్యయనం దేశం మొత్తం మీద 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని గడప మీద ఉన్నారని తేల్చింది.

ఎందుకిలా అని అడిగితే ఒకే కారణం చూపలేం. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలో ఒక ముఖ్యమైన సంగతి బయటపడింది. మన పిల్లలు పుట్టినప్పుడు తక్కువ బరువుతో సన్నగా కనిపిస్తారు. కానీ యూరపు శిశువులతో పోలిస్తే వాళ్ల ఒంట్లో కండ తక్కువ, కొవ్వు పాలు ఎక్కువ. పైకి సన్నం, లోపల కొవ్వు. చక్కెరను ఖర్చుపెట్టేది కండ కాబట్టి ఆ లోటు జీవితాంతం వెంటాడుతుంది. దానిమీద పాలిష్ పట్టిన తెల్లన్నం మూడుపూటలా వచ్చి చేరింది, నడక తగ్గింది, నిద్ర తగ్గింది.

అబిడ్స్‌నే చూడండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న అర్మేనియన్ ఆల్బర్ట్ అబిడ్ పెట్టిన దుకాణం పేరే ఈ వీధికి వచ్చింది. దుకాణంతో పుట్టిన వీధి ఇప్పటికీ దుకాణాల వీధే. కౌంటర్ వెనక పది గంటలు నిలబడితే కాళ్లు పీకుతాయి. కానీ నిలబడటం నడక కాదు. మధ్యాహ్న భోజనం గిరాకీ తగ్గాక, రాత్రి భోజనం షట్టర్ దించాక. ఈ మధ్యలో చాయ్, దానితో ఉస్మానియా బిస్కెట్. మన సేల్స్‌మన్ రోజు ఇలాగే గడుస్తుంది. ఇందులో ఆయన చేసిన తప్పేమీ లేదు. ఆయన కొలువే అలాంటిది.

ప్రశ్నలు, టేపు

2018లో హైదరాబాదులో బస్తీ దవాఖానాలు మొదలయ్యాయి. ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకుడు లేదా సహాయకురాలు. పెద్దాసుపత్రికి వెళ్లాలంటే ఒకరోజు కూలి పోగొట్టుకునేవారికి ఇల్లు దాటి నాలుగు అడుగుల్లో వైద్యం అందాలన్నది వీటి ఉద్దేశం. 30 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ షుగర్, బీపీ, నోటి క్యాన్సర్, ఆడవారికి వీటితో పాటు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు చేయాలని జాతీయ కార్యక్రమం చెబుతోంది.

ముందుగా ఆశా కార్యకర్త ఒక ఫారం నింపుతుంది. ఆరు ప్రశ్నలకు మార్కులు వేసే పద్ధతి అందులో ఉంది. మన మనిషికి ఎన్ని వస్తాయో మనమే వేద్దాం. వయసు 40కీ 49కీ మధ్య కాబట్టి 2. పొగాకు అలవాటు లేదు, 0. రోజూ తాగే అలవాటు లేదు, 0. నడుము చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. మగవారికి 90 దాటితే 1, వంద దాటితే 2. ఆడవారికి ఈ గీతలు 80 దగ్గర, 90 దగ్గర ఉంటాయి. ఆయనకు 1. వారానికి 150 నిమిషాల నడకో వ్యాయామమో లేదు, 1. తండ్రికి షుగర్ ఉండేది, 2. మొత్తం 6. నాలుగు దాటితే ముందు వరసలో పిలిచి పరీక్షించాలని నిబంధన. నాలుగు దాటనివారికి పరీక్ష అక్కర్లేదని కాదు. 30 నిండిన అందరికీ అవసరమే. ముందు ఎవరిని పిలవాలో చెప్పడమే ఈ మార్కుల పని.

టేపు ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయంగా తోస్తుంది. కానీ ప్యాంటు కట్టుకునే చోట కొలిస్తే పొట్ట తప్పించుకుంటుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ సరిగ్గా మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి. పొట్ట లోపలికి పీల్చుకుంటే టేపును మోసం చేయగలం. కాలేయం చుట్టూ పేరుకున్న కొవ్వును మోసం చేయలేం.

ఆ తర్వాత బీపీ. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. కాళ్లు ముడుచుకోకుండా నేలకు ఆనించాలి. చేయి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. వదులు చేతుల చొక్కానో జాకెట్టో వేసుకుని వెళ్తే పని సులువవుతుంది. బీపీ చూస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. మాటలతోనే అంకె కొన్ని పాయింట్లు పైకి పోతుంది.

వేలి కొన మీద

ఇప్పుడు సూది. ఈ భాగాన్ని దగ్గర నుంచి చూడాలి, ఎందుకంటే ఇక్కడే చిన్న పొరపాట్లు పెద్ద అంకెలవుతాయి.

ముందు చేతులు సబ్బుతో కడిగి ఆరబెట్టుకోమంటారు. అది పరిశుభ్రత కోసమే అనుకోకండి. స్ట్రిప్పు పీల్చుకునే రక్తం మైక్రోలీటరు ఉంటుంది, లేదా అంతకంటే తక్కువ. చక్కెర 100 ఉన్న మనిషి రక్తంలో ఒక మైక్రోలీటరుకు ఉండే గ్లూకోజు ఒక మైక్రోగ్రాము, అంటే గ్రాములో పది లక్షల వంతు. కాసేపటి క్రితం ఒలిచిన అరటిపండు తడో, జిలేబీ పాకమో వేలి మీద కంటికి కనిపించనంత మిగిలినా, రక్తంలో ఉన్నదానికంటే అదే ఎక్కువ కావచ్చు. అప్పుడు మీటరు కొలిచేది మీ రక్తాన్ని కాదు, పండును. స్పిరిట్ దూదితో తుడిస్తే ఈ జిగురు పూర్తిగా పోదు. నీళ్లూ సబ్బూ కావాలి. స్పిరిట్ వాడితే అది ఆరేదాకా ఆగాలి.

ఉంగరపు వేలో నడివేలో ఎంచుకుంటారు. గుచ్చేది వేలి కొన మధ్యలో కాదు, పక్కన. మధ్యలో స్పర్శ నరాలు దట్టంగా ఉంటాయి, పక్కన తక్కువ. రక్తం అక్కడా బాగానే వస్తుంది. ప్రతి మనిషికీ కొత్త లాన్సెట్, అంటే గుచ్చే సూది, వాడాలి, దాన్ని మీ కళ్ల ముందే విప్పాలి. విప్పారో లేదో చూడటం, చూడకపోతే అడగడం మీ హక్కు. ఒకరికి వాడింది ఇంకొకరికి వాడితే కామెర్ల వైరస్ పాకుతుంది. మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క తీసుకుంటారు. వేలిని గట్టిగా పిండితే కణజాలంలోని నీరు రక్తంతో కలిసి అంకె తగ్గుతుంది. చలిగా ఉంటే చేయి కిందికి వేలాడదీసి ఊపితే చాలు.

స్ట్రిప్పు కొనకు చుక్క తగలగానే సన్నటి గొట్టంలోకి రక్తం తనంతట తానే ఎక్కుతుంది, దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్టు. లోపల ఒక ఎంజైమ్ ఆరిన పొడిలా కాచుకుని ఉంటుంది. చాలా స్ట్రిప్పుల్లో అది గ్లూకోజ్ ఆక్సిడేజ్. ఆస్పర్‌జిల్లస్ అనే నల్లటి బూజు నుంచి తీస్తారు. ఆ ఎంజైమ్ రక్తంలోని ప్రతి గ్లూకోజు అణువు దగ్గరా ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది. వాటిని ఇంకో రసాయనం మోసుకెళ్లి లోహపు పూత మీద దించుతుంది. ఎలక్ట్రాన్లు ప్రవహిస్తే అది కరెంటు. గ్లూకోజు ఎక్కువైతే కరెంటు ఎక్కువ. మీటరు కొలిచేది ఆ కరెంటునే. ఎంజైమునూ ఎలక్ట్రోడునూ జతచేసి చక్కెర కొలవవచ్చని అమెరికా శాస్త్రవేత్త లీలాండ్ క్లార్క్ 1962లో చూపించాడు. అరవై ఏళ్ల తర్వాత ఆ ఆలోచన నాంపల్లి బస్తీలో ఒక బల్ల మీద, ఐదారు సెకన్లలో పని ముగిస్తోంది. స్ట్రిప్పుల డబ్బా మూత నర్సు వెంటనే బిగించడం మీరు గమనిస్తారు. వానాకాలపు తేమ తగిలితే ఆ ఎంజైమ్ పాడవుతుంది.

మన మనిషికి మీటరు మీద 162 వచ్చింది.

"చాయ్ తాగిన కద సిస్టర్, అందుకే వచ్చుంటది."

"అయ్యుంటది అన్నా. అందుకే రేపు ఏం తాగకుంట రమ్మంటున్న."

జల్లెడ ఏం చెబుతుంది

నర్సు అన్న ఆ మాటలో స్క్రీనింగ్ అనే శాస్త్రమంతా ఇమిడి ఉంది. ఇంగ్లీషువాళ్లు స్క్రీనింగ్ అన్నదానికి మనకు సొంత మాట ఉంది, జల్లెడ పట్టడం. జల్లెడలో మిగిలినదంతా రాయి కాదు, కిందికి దిగినదంతా పిండీ కాదు. మిగిలినదాన్ని చేత్తో ఏరి చూడాలి.

రాండమ్ పరీక్షలో 140 గానీ అంతకు మించి గానీ వస్తే రెండో పరీక్షకు పంపాలన్నది మన కార్యక్రమంలోని గీత. గీత దగ్గర ఉన్న అంకెను మీటరు అటూ ఇటూ చూపవచ్చు. మీటర్లకు వర్తించే 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, 100 పైన ఉన్న అంకెల్లో నూటికి 95 సార్లు తేడా 15 శాతం లోపు ఉంటే ఆ మీటరు సరైనదే. ల్యాబులో 140 వచ్చే రక్తానికి మంచి మీటరు కూడా 119 నుంచి 161 వరకు ఏదైనా చూపవచ్చన్నమాట. అందుకే మీటరు ఒక్కదాని మాట మీద ఎవరికీ జబ్బు ముద్ర వేయరు. మీకు వేస్తే ఒప్పుకోకండి.

ఒక లెక్క ఊహించుకుందాం. వెయ్యిమందిని జల్లెడ పట్టాం. వాళ్లలో నిజంగా షుగర్ ఉన్నవారు వందమంది అనుకుందాం. మన జల్లెడ వాళ్లలో 70 మందిని పట్టింది, 30 మంది జారిపోయారు. జబ్బు లేని 900 మందిలో పదోవంతు, అంటే 90 మంది, చాయ్ వల్లో జ్వరం వల్లో గీత దాటి జల్లెడలో నిలిచిపోయారు. ఇప్పుడు రెండో పరీక్షకు వెళ్లాల్సినవారు 160 మంది. వాళ్లలో సగానికి మించి జబ్బు లేనివారే. ఇవి అర్థం కావడానికి వేసుకున్న అంకెలు. కానీ ఏ జల్లెడకైనా ఈ రెండు తప్పులూ తప్పవు. కాబట్టి 162 చూసి బెంబేలు పడనక్కర్లేదు. 128 చూసి ఇక జన్మలో షుగర్ రాదని సంబరపడనూ కూడదు. ఈసారి గీత దాటనివారు కూడా ఏటా మళ్లీ చూపించుకోవడం మంచిది.

రెండో రోజు

రెండో రోజు పరగడుపున రావాలి. రాత్రి భోజనం తర్వాత ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు, తాగకూడదు. మంచినీళ్లు తాగవచ్చు. పాలు లేని టీ కూడా వద్దు. అంకె బాగా రావాలని ముందు నాలుగు రోజులు పస్తుండటం వల్ల ఉపయోగం లేదు. మామూలుగా తినేదే తినాలి. బీపీ మాత్రలు, వాడుతున్న ఇతర మందులు నర్సుకు చూపించాలి. ఉబ్బసానికో కీళ్లకో స్టెరాయిడ్లు వాడుతుంటే తప్పకుండా చెప్పాలి, అవి చక్కెరను పెంచుతాయి.

ఈసారి రక్తం మోచేతి మడతలోని సిర నుంచి తీస్తారు. బూడిదరంగు మూత ఉన్న ట్యూబును చూడండి. అందులో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. ఒంట్లోంచి బయటికి వచ్చాక కూడా ఎర్ర రక్తకణాలు బతికే ఉంటాయి, ట్యూబులోని గ్లూకోజును తింటూనే ఉంటాయి. గంటకు ఐదు నుంచి ఏడు శాతం చొప్పున చక్కెర తగ్గిపోతుంది. 126 ఉన్న నమూనాను ఊరికే వదిలేస్తే రెండు గంటల్లో 111 దగ్గరికి వస్తుంది. జబ్బు ఉన్న మనిషి లేనట్టు లెక్కలోకి ఎక్కుతాడు. ఫ్లోరైడు ఆ తిండిని ఆపుతుంది, కానీ వెంటనే కాదు, దానికీ కొంత సమయం పడుతుంది. అందుకే నమూనాను చల్లటి పెట్టెలో పెట్టి త్వరగా పంపాలి. బస్తీ దవాఖానాల్లో తీసిన నమూనాలను పరీక్షించేందుకు 2018లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం) ఆవరణలో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రం మొదలైంది. ఈ పరీక్షలకు డబ్బు తీసుకోరు.

అవసరమైతే గ్లూకోజు నీళ్లు తాగిస్తారు. 75 గ్రాములు, అంటే దాదాపు పదిహేను టీచెంచాలు. ఐదు నిమిషాల్లో తాగి, రెండు గంటలు కదలకుండా కూర్చోవాలి. ఆ తర్వాత మళ్లీ రక్తం తీస్తారు. నిమ్మరసం లేని తీపినీళ్లు కాబట్టి కొందరికి వికారం పుడుతుంది. పుస్తకమో పేపరో వెంట తీసుకెళ్తే ఆ రెండు గంటలూ తేలిగ్గా గడుస్తాయి. గర్భిణులకు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్షను పరగడుపుతో పని లేకుండా చేస్తారు. వాళ్లకు రెండు గంటల తర్వాత 140 వస్తే చాలు, జాగ్రత్త పడాలి.

ఊదారంగు మూత ట్యూబు హెచ్‌బీఏ1సీ కోసం. ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు గ్లూకోజు అంటుకుంటుంది. కణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి, ఎంత అంటుకుందో చూస్తే గత రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. షుగర్ రోగుల హిమోగ్లోబిన్ వేరుగా ఉండటాన్ని 1960ల చివర్లో టెహ్రాన్‌లో శామ్యూల్ రహ్బర్ గుర్తించాడు. నిన్నటి చాయ్ ఈ పరీక్షను మార్చలేదు. రక్తహీనత మార్చగలదు. ఇనుము లోపించినప్పుడు ఈ అంకె ఉన్నదానికంటే ఎక్కువ కనిపించవచ్చు. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవారిలో, రక్తకణాలు త్వరగా చితికిపోయే జబ్బున్నవారిలో తక్కువగా చూపవచ్చు. తెలంగాణ ఆడవారిలో సగానికి పైగా రక్తహీనత ఉన్న రోజుల్లో ఈ మాట డాక్టరుతో చెప్పి తీరాలి.

గీతలు ఇవి. పరగడుపున 126, గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200, హెచ్‌బీఏ1సీ 6.5 శాతం. వీటిలో ఏదైనా అందుకుంటే షుగర్ అంటారు. జబ్బు గుర్తులు ఏమీ లేనప్పుడు రెండు పరీక్షలు ఒకే మాట చెప్పాలి.

మధ్యలో ఉన్నవారు

మన సేల్స్‌మన్‌కు పరగడుపున 118, రెండు గంటలకు 168, హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చాయి. జబ్బు లేదు, ఆరోగ్యమూ కాదు. దీన్ని ప్రీడయాబెటిస్ అంటారు. దేశంలో 13.6 కోట్ల మంది ఉన్నది ఈ మెట్టు మీదే. జల్లెడ పట్టడం వల్ల అందరికంటే ఎక్కువ మేలు జరిగేది వీళ్లకే. వీళ్ల బీటా కణాలకు ఇంకా ఊపిరి ఉంది.

ఈ మాటకు ఆధారం మన దక్షిణాదిలోనే ఉంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం ఇలాంటి 531 మందిని ఎంచుకుని మూడేళ్లు గమనించి, 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలు సలహాతో వదిలేసినవారిలో మూడేళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. నడక, తిండి విషయంలో పట్టుబట్టి వెంటపడినవారిలో అది 39 శాతం దగ్గరే ఆగింది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చినవారిలోనూ దాదాపు అంతే. నడక, తిండిలో మార్పు కలిసి మాత్రతో సమానంగా పనిచేశాయన్నమాట.

అరగంట నడక అబిడ్స్‌లో ఎక్కడ దొరుకుతుంది? జీపీవో నుంచి నాంపల్లి స్టేషన్‌కు దూరం కిలోమీటరుకు అటూ ఇటూ. వెళ్లిరావడం అరగంట. వారానికి ఐదు రోజులు అలా నడిస్తే ఫారంలో అడిగిన 150 నిమిషాలు నిండిపోతాయి. ట్రాఫిక్ పొగ వద్దనుకుంటే స్టేషన్‌కు కూతవేటు దూరంలో పబ్లిక్ గార్డెన్స్ ఉంది, తెల్లవారుజామున చెట్ల కింద నడవవచ్చు. తిండిలో అన్నం ఒక గరిటె తగ్గించి, ఆ చోటును పప్పూ కూరా నింపాలి. చాయ్ మానమని ఎవరూ అనరు. చక్కెర సగం చేయమంటారు, బిస్కెట్ ఒకటి తగ్గించమంటారు. ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ పరీక్ష.

షుగర్ ఉందని తేలినవారికి దారి కొంచెం పొడవు. మందులు బస్తీ దవాఖానాలోనే ఉచితంగా ఇస్తారు. కంటి వెనక పొర పరీక్ష, సన్నటి నైలాన్ దారంతో పాదాల స్పర్శ పరీక్ష, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష ఏటా చేయించుకోవాలి. డాక్టరు రాస్తే నాంపల్లి ఏరియా ఆసుపత్రికో, ఇంకా అవసరమైతే ఉస్మానియాకో వెళ్లాలి.

జల్లెడ పక్కన పెడితే

చివరగా పాఠకుల ముందు దాచకూడని మాట ఒకటుంది. బ్రిటన్‌లో ఇరవై వేలమందికి పైగా ముప్పు ఉన్నవారిని ఎంచుకుని, కొన్ని క్లినిక్కులలో జల్లెడ పట్టి, కొన్నింటిలో పట్టకుండా వదిలి, దాదాపు పదేళ్లు చూశారు. 2012లో ఫలితం వచ్చింది. జల్లెడ పట్టినచోట మరణాలు తగ్గలేదు. అక్కడ జల్లెడకు దొరికిన కొత్త రోగులు నూటికి ముగ్గురే. మన పరిస్థితి వేరు, తెలియకుండా జబ్బు మోస్తున్నవారు మన దగ్గర చాలా ఎక్కువ. అయినా ఆ అధ్యయనం నేర్పే పాఠం మనకూ వర్తిస్తుంది. వేలికి సూది గుచ్చినంత మాత్రాన ఎవరి ఆయుష్షూ పెరగదు. ఆ అంకె తెలిశాక చేసిన పని వల్లే పెరుగుతుంది. శిబిరంలో క్యూ కట్టి పరీక్ష చేయించుకుని, చీటీని జేబులో మడిచిపెట్టుకుని మళ్లీ ఆ గడప తొక్కనివారికి ఆ ఉదయం వృథా అయినట్టే.

మీకు 30 నిండితే, గత ఏడాదిలో షుగర్ చూపించుకోకపోతే, మీ దగ్గరలోని బస్తీ దవాఖానాకు ఈ వారమే వెళ్లండి. ఫోను, ఆధార్, వాడే మందుల చీటీ పట్టుకెళ్లండి. చాయ్ తాగి ఉంటే తాగానని చెప్పండి. వచ్చిన అంకెను, అది పరగడుపుదో రాండమో, తేదీతో సహా ఇంట్లో క్యాలెండర్ మీద రాసుకోండి. మళ్లీ రమ్మంటే ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టండి. ఆ రోజు తప్పకుండా వెళ్లండి.